నీడిల్ హోల్డర్: డెంటల్ క్లినిక్‌లో వినపడే అపోహలు, అసలు సంగతులు

పన్ను తీసిన చోట ఒక్క కుట్టు వేయడానికి తంటాలు పడుతున్న జూనియర్లు ముందుగా తమ చేతినే అనుమానిస్తారు. చేతికన్నా ముందు చేతిలో ఉన్న నీడిల్ హోల్డర్‌ను చూడండి అంటాను నేను. పట్టుకున్న సూది అటూ ఇటూ తిరగకుండా నిలపడం దాని పని. ఆ పని చేయని హోల్డర్‌తో ఎంత నేర్పు ఉన్నవాళ్లకైనా సూది చిగురులో అనుకున్న చోట దిగదు. హౌస్‌సర్జన్ల దగ్గర, అసిస్టెంట్ల దగ్గర, అప్పుడప్పుడు సీనియర్ల దగ్గర కూడా దీని గురించి నేను పదేపదే వినే మాటలు ఇవి.

అపోహ: ఆర్టరీ ఫోర్సెప్స్ ఉంటే చాలు, నీడిల్ హోల్డర్ వేరే అక్కర్లేదు.

చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ మాట పుట్టింది. రెండింటినీ తెరిచి బీక్స్ (పట్టుకునే ముందు దవడలు) లోపలి వైపు చూడండి. ఆర్టరీ బీక్స్ పొడవుగా, సన్నగా ఉంటాయి, లోపల వరసగా అడ్డగీతలు ఉంటాయి. అవి రక్తనాళాన్ని పట్టడానికి చేసినవి. నీడిల్ హోల్డర్ బీక్స్ పొట్టిగా, దళసరిగా ఉంటాయి, లోపల గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ చిన్న చిన్న గళ్లుగా ఉంటాయి. పొడవు హ్యాండిల్, పొట్టి బీక్ కలిసి సూది మీద గట్టి పట్టునిస్తాయి. ఆర్టరీతో పట్టుకున్న సూది ఆ అడ్డగీతల మధ్య తిరిగిపోతుంది. పైగా గట్టి సూదిని కొన్నాళ్లు పట్టించాక ఆ ఆర్టరీ బీక్స్ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. రక్తం ఆపాల్సిన రోజున అది కూడా పనికిరాదు. నీడిల్ హోల్డర్‌తో కణజాలాన్ని పట్టుకోవడం కూడా అంతే తప్పు, అది నలిపేస్తుంది.

అపోహ: బంగారు రంగు రింగులు ఉంటే అది మంచి హోల్డర్.

బీక్స్ లోపల టంగ్‌స్టన్ కార్బైడ్ పలకలు అతికించిన పరికరాలకు రింగుల మీద బంగారు పూత వేయడం తయారీదారుల ఆనవాయితీ. ఆ పలక స్టీలు కన్నా చాలా గట్టిది, గళ్లు త్వరగా అరగవు. నాణ్యమైన వాటిలో పలక అరిగితే మార్పించుకోవచ్చు కూడా. అయితే పూత వేయడానికి పలక ఉండి తీరాలని లేదు. బీక్ లోపల వేరే ఛాయలో పలక, దాని చుట్టూ అతుకు గీత కనపడితేనే అది కార్బైడ్. ఇంకో సంగతి, అది గట్టిదే కానీ పెళుసు. గ్రానైట్ నేల మీద పడితే అంచు పెచ్చు లేవవచ్చు.

‘జర్మన్ స్టీల్’ ముద్ర చూసి కొనేవాళ్లూ ఉన్నారు. జర్మనీలోని టుట్లింగెన్ సర్జికల్ పరికరాలకు పేరుపడ్డ ఊరు. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ నుంచీ ప్రపంచమంతటికీ ఇవి వెళ్తాయి. ముద్రలో ఏముందన్నది బీక్స్ ఎలా కలుస్తున్నాయో చెప్పదు. కోఠీలో షాపులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, చేతికి రాగానే మూడు పరీక్షలు చేయండి. మొదటిది, హోల్డర్‌ను రాచెట్ (హ్యాండిళ్ల మధ్య ఉండే పళ్ల లాక్) మొదటి క్లిక్ దాకా మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. కొసల మధ్య నుంచి వెలుతురు కనపడకూడదు. రెండోది, ఒక మధ్యస్థపు సూదిని కొసలో పట్టించి రెండో క్లిక్ దాకా లాక్ చేసి, సూదిని ఇంకో ఫోర్సెప్స్‌తో తిప్పి చూడండి. సులువుగా తిరిగితే వెనక్కి ఇచ్చేయండి. మూడోది, మొదటి క్లిక్‌లో లాక్ చేసి, జాయింట్ దగ్గర పట్టుకుని, రాచెట్ భాగాన్ని బల్లకు మెల్లగా తట్టండి. దానంతటదే తెరుచుకుంటే రాచెట్ నమ్మదగింది కాదు. జాయింట్ అటూ ఇటూ ఊగుతోందేమో కూడా ఒకసారి చూడండి. ఈ పరీక్షల్లో నెగ్గిన మామూలు స్టీల్ హోల్డర్, నెగ్గని బంగారు రింగుల హోల్డర్ కన్నా ఎన్నో రెట్లు మేలు. 3-0 సిల్క్, 4-0 విక్రిల్ (కరిగిపోయే దారం) కుట్టు దారాలతో నడిచే సాధారణ క్లినిక్‌కు అది సరిపోతుంది. ఈ లెక్కలో ముందున్న అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది.

అపోహ: కాస్ట్రోవీజో ఉంటే అన్ని కుట్లూ దానితోనే వేయొచ్చు.

రామోన్ కాస్ట్రోవీజో కంటి సర్జన్, కార్నియా మార్పిడికి పేరుపొందినవారు. ఆయన పేరుతో ఉన్న ఈ స్ప్రింగ్ హ్యాండిల్ హోల్డర్‌ను కలంలా పట్టుకుంటాం. చిగుళ్ల సర్జరీలో, ఇంప్లాంట్ చుట్టూ 5-0, 6-0 దారాలతో పనిచేసేటప్పుడు దానికి సాటి లేదు. మూడో మోలార్ (జ్ఞానదంతం) తీసిన చోట 3-0 సిల్క్ పెద్ద సూదిని దానికి పట్టిస్తే మాత్రం సన్నటి కొసలు విచ్చుకుంటాయి. ఆ తర్వాత అది సన్న సూదినీ పట్టదు. పెద్ద సూదికి మేయో హెగార్ రకం హోల్డర్, కాస్త సన్నపు పనికి క్రైల్ వుడ్ రకం వాడండి. పొడవు విషయానికొస్తే నోట్లో చాలా పనులకు 15 సెంటీమీటర్లది చాలు.

అపోహ: రాచెట్ చివరి క్లిక్ దాకా నొక్కితే సూది జారదు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. సూది జారుతోందంటే బీక్స్ అరిగి ఉండాలి, లేదా పట్టుకున్న చోటు తప్పై ఉండాలి. ఇంకా గట్టిగా నొక్కితే సూది వంపు పోయి చదునవుతుంది, వంపు లేని సూది చిగురును చీల్చుకుంటూ పోతుంది. మొదటి క్లిక్ చాలు, మహా అయితే రెండోది.

పట్టుకోవాల్సిన చోటు సూది మొన నుంచి సుమారు మూడింట రెండు వంతుల దూరంలో ఉంటుంది. బీక్స్ కొసతో, సూదికి అడ్డంగా పట్టాలి. దారం అతికిన చివర సూది బోలుగా ఉంటుంది, అక్కడ పడితే వంగుతుంది, విరుగుతుంది. మొన దగ్గర పడితే పదును పోతుంది. బొటనవేలు, ఉంగరం వేలు రింగుల్లో పెట్టి, చూపుడు వేలును జాయింట్ వైపు ఆనించండి. నెట్టవద్దు, మణికట్టు తిప్పండి, సూది తన వంపు వెంబడే నడుస్తుంది. ముడి వేసేటప్పుడు దారాన్ని ఖాళీ చివర దగ్గరే పట్టుకోండి. నోట్లో మిగిలిపోయే భాగాన్ని బీక్స్ మధ్య నలిపితే, ముఖ్యంగా నైలాన్, ప్రోలీన్ లాంటి ఒంటి పోగు దారాలు అక్కడే తెగుతాయి.

వంగిన సూదిని హోల్డర్‌తో సరిచేసి మళ్లీ వాడటం నాకు చూస్తేనే టెన్షన్. సరిచేసిన చోట లోహం బలహీనపడి ఉంటుంది. నోట్లో విరిగితే పేషెంట్‌ను నోరు మూయనివ్వకండి, ఆ చోటు నుంచి చూపు తిప్పకండి. ముక్క కనపడితే వెంటనే ఫోర్సెప్స్‌తో తీయండి, కనపడకపోతే ఎక్స్‌రే తీయాల్సిందే. పాత సూదిని పారేసి కొత్తది తెరిస్తే అయ్యే ఖర్చు దీని ముందు ఏపాటిది!

అపోహ: ఆర్చ్ బార్ (విరిగిన దవడ కదలకుండా పళ్లకు కట్టే లోహపు పట్టీ) వైర్లు మెలేయడానికి కూడా ఇదే వాడొచ్చు.

కాలేజీల్లో ఇది రోజూ జరుగుతుంది. 26 గేజ్ స్టీల్ వైరు బీక్స్ మీద గాడి వేసేస్తుంది, కార్బైడ్ పలకైతే పగలవచ్చు. వైర్ ట్విస్టర్ ఉన్నది అందుకే. అది దొరకకపోతే ఒక పాత హోల్డర్‌కు రంగు టేపు చుట్టి వైర్లకే కేటాయించండి.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు.

పడుతుంది. ఈ స్టీలును కాపాడేది దాని పైనున్న సన్నటి క్రోమియం ఆక్సైడ్ పొర. క్లోరైడ్ దాన్ని తినేస్తుంది. ఎండిపోయిన రక్తంలో, సెలైన్‌లో, రూట్ కెనాల్‌కు వాడే హైపోక్లోరైట్‌లో అన్నిటా క్లోరైడ్ ఉంది. సర్జరీ అవగానే పరికరాలను సెలైన్‌లో వేసి ఉంచడం, బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టడం మన క్లినిక్‌లలో మామూలు. మంచి హోల్డర్లలో చాలావరకు పాడయ్యేది ఇలా సింక్ పక్కనే. రక్తం ఎండకముందే కడగాలి. ఆలస్యమయ్యేలా ఉంటే ఎంజైమ్ క్లీనర్‌లో ఉంచాలి. జాయింట్ తెరిచి, గళ్ల మధ్య మెత్తటి బ్రష్‌తో తోమాలి. ఇనుప పీచు ముట్టించవద్దు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర చాలా ఊళ్లలో బోరు నీరు కఠినంగా ఉంటుంది. ఆ నీటితో కడిగి అలాగే ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రం) పెడితే తెల్లటి మరకలు పడతాయి, జాయింట్ బిగిసిపోతుంది. చివరిసారి కడగడానికీ, ఆటోక్లేవ్‌కూ డిస్టిల్డ్ వాటరే వాడండి. మచ్చ కనపడితే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. పోయి కింద నునుపుగా ఉంటే అది మరక. కింద గుంట కనపడితే తుప్పు, ఆ హోల్డర్‌ను పక్కన పెట్టాలి.

జాయింట్ బిగిసిందని కుట్టుమిషన్ నూనె వేస్తారు కొందరు. నూనె పొర కిందికి ఆవిరి చేరదు, క్రిములు బతికిపోతాయి. నీటిలో కలిసే ఇన్‌స్ట్రుమెంట్ లూబ్రికెంట్ దొరుకుతుంది, అదే వాడాలి. ఆటోక్లేవ్‌లో పెట్టే పౌచ్‌లో (సీలు చేసే సంచి) చక్కగా సర్దుకుంటుందని లాక్ చేసి పెట్టడమూ మానాలి. మూసిన బీక్స్ మధ్యకు ఆవిరి వెళ్లదు, వేడికి లోహం వ్యాకోచించి జాయింట్ బీటలు వారుతుంది.

అపోహ: మరిగించినా, గ్లుటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో ముంచినా సరిపోతుంది.

ఇందులో రాజీకి తావు లేదు. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి కవచంతో నిద్రాణంగా ఉండే రూపాలు) దాన్ని తట్టుకుంటాయి. 2 శాతం గ్లుటరాల్డిహైడ్‌తో స్పోర్లు చావాలంటే 10 గంటలు ముంచాలి, పేషెంటుకూ పేషెంటుకూ మధ్య 20 నిమిషాలు ముంచితే అది స్టెరిలైజేషన్ కాదు. రక్తం, కణజాలం తగిలే, వేడికి తట్టుకునే పరికరాన్ని ఆటోక్లేవ్ చేయాల్సిందే. 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ఒత్తిడితో కనీసం 15 నిమిషాలు, పౌచ్‌లో పెడితే మీ యంత్రం మాన్యువల్‌లో చెప్పినంత సేపు. పౌచ్ మీద రంగు మారడం ఆవిరి తగిలిందని మాత్రమే చెబుతుంది. స్పోర్లు నిజంగా చస్తున్నాయో తేల్చే స్పోర్ టెస్ట్ వారానికోసారి చేయించండి.

అపోహ: ఒకసారి కొంటే జీవితాంతం వస్తుంది.

కొన్నప్పుడు చేసిన మూడు పరీక్షలు నెలకోసారి అసిస్టెంట్‌తో చేయించండి. తేడా వస్తే కార్బైడ్ పలక మార్పించండి, అమరిక తెలిసినవాళ్ల దగ్గరే రిపేరు చేయించండి. గళ్లు అరిగిన మామూలు స్టీల్ హోల్డర్‌ను ఆకురాయితో గీకించి మళ్లీ ట్రేలో పెట్టవద్దు. దాన్ని విద్యార్థుల సాధనకు ఇవ్వడం కూడా నాకు ఇష్టం లేదు. సూది తిరిగిపోయే హోల్డర్‌తో నేర్చుకున్నవాళ్లకు చివరి క్లిక్ దాకా నొక్కే అలవాటు పడుతుంది, ఆ అలవాటు కొత్త హోల్డర్ చేతికి వచ్చాక కూడా పోదు.