బౌద్ధాలయాల్లో పెద్ద చెట్లు: అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో పాత చెట్లు చూసే పని నాది. ఇక్కడి పాత బౌద్ధ క్షేత్రం తొట్లకొండ ఎక్కి దిగినవాళ్లూ, బుద్ధగయ వెళ్లొచ్చినవాళ్లూ ఇంచుమించు ఇవే అడుగుతుంటారు.

అపోహ: బుద్ధగయలో ఇప్పుడున్న రావిచెట్టు కిందే బుద్ధుడు కూర్చున్నాడు.

వాస్తవం: చోటు అదే, చెట్టు అది కాదు. పాతది 1876లో గాలివానకు కూలిపోతే 1881లో బ్రిటిష్ పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ నాటించిన మొక్కే ఈ చెట్టు. నిజంగా పాతది చూడాలంటే శ్రీలంకలో అనురాధపురం వెళ్లాలి. బుద్ధగయ చెట్టు నుంచి అశోకుడి కూతురు సంఘమిత్ర తీసుకెళ్లిన కొమ్మను క్రీ.పూ. 3వ శతాబ్దంలో అక్కడ నాటారని సింహళ చరిత్ర గ్రంథాలు చెబుతాయి. దాని కొమ్మలకు ఇప్పుడు బంగారు రంగు వేసిన ఇనుప ఊతలున్నాయి, అంటే అన్నేళ్లూ కనిపెట్టుకుని ఉన్న మనుషులున్నారన్నమాట.

అపోహ: మాను డొల్లయితే ఇక చెట్టు పని అయిపోయినట్టే.

వాస్తవం: మాను నడుమ ఉండేది ఎలాగూ చచ్చిన చెక్కే, ప్రాణమంతా బెరడు కింది పలచటి పొరలో ఉంటుంది. డొల్లలో సిమెంటు మాత్రం కూరకండి, తడి లోపలే నిలిచి కుళ్లు పెరుగుతుంది. చెట్టు మొదట్లో చెక్కలా గట్టిగా ఉండే పుట్టగొడుగులు అరలు అరలుగా పొడుచుకొస్తే మాత్రం టెన్షన్ పడాల్సిందే.

అపోహ: చుట్టూ సిమెంటు అరుగు కడితే చెట్టుకు బలం.

వాస్తవం: నా పనిలో సగం ఈ అరుగులు పగలగొట్టించడమే! నీళ్లు పీల్చే సన్న వేళ్లు ఎక్కువగా పైపైన రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పాకి ఉంటాయి. మనం అరుగు కోసం వాటిని నరికి, పైన టైల్స్ పరిచి, గాలీ నీరూ దిగకుండా చేసి, ఆనక ఆకులు రాలుతున్నాయని దిష్టి తీయిస్తాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వేళ్లతో సహా లేచిపోయినవాటిలో నేను చూసినవి చాలావరకు ఒక పక్క కాలువ కోసమో రోడ్డు కోసమో వేళ్లు కోసేసిన చెట్లే.

అపోహ: రావి రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తుంది.

వాస్తవం: ఇవ్వదు. వెలుతురు లేకుండా ఏ చెట్టూ ఇవ్వదు.

అపోహ: చెట్టు మొదట్లో నూనె, పాలు పోస్తే మేలు.

వాస్తవం: నూనె పడిన మట్టి నీళ్లు పీల్చుకోదు, ఆనించి పెట్టిన దీపానికి బెరడు కాలుతుంది. దీపం నాలుగడుగుల ఎడంగా రాయి మీద పెట్టండి, మేకులు కొట్టకండి, ఎండాకాలంలో చెట్టు మొదట్లో కాకుండా కొమ్మల చివర్ల కింద నీళ్లు పెట్టండి.