భరత్‌పూర్ పక్షులు: వారాంతానికి వచ్చే మిత్రుల అపోహలు - వాస్తవాలు

పక్షులను చూడటం, చూపించడం నా వ్యాపకం. గుంటూరు నుంచో హైదరాబాద్ నుంచో ఢిల్లీ వచ్చిన మిత్రులతో శని, ఆదివారాలు రాజస్థాన్ భరత్‌పూర్‌లోని కేవలదేవ్ పార్కుకు వెళ్తుంటాను. కారెక్కగానే ఎప్పుడూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: అక్కడి పెద్ద కొంగలన్నీ సైబీరియా నుంచి వచ్చినవే.

మన ఉప్పలపాడు, తేలినీలాపురం పక్షుల గురించి కూడా పేపర్లలో ఇదే రాస్తుంటారు. చెట్ల మీద గుంపులుగా గూళ్లు కట్టే పెయింటెడ్ స్టార్కులు, నత్తగుల్ల కొంగలు, గూడబాతులు సైబీరియా మొహమే చూడవు. వానలను, చేపలను బట్టి ఒక చెరువు వదిలి ఇంకో చెరువుకు పోతాయి, అంతే. గుర్తు సులభం: చలికాలం గడపడానికి ఉత్తరం నుంచి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు, తిరిగి వెళ్లాకే పిల్లలను పెంచుతుంది. కొమ్మ మీద గూడు, అందులో పిల్లలు కనిపించాయంటే అది మన పక్షే.

నిజంగా సైబీరియా నుంచి వచ్చేది ఒకటుండేది, సైబీరియన్ క్రేన్. తెల్లటి ఒళ్లు, ఎర్రటి ముఖం. అఫ్గానిస్తాన్ మీదుగా ఇక్కడికి చేరేది. 2002 తర్వాత భరత్‌పూర్‌లో ఒక్కటీ కనిపించలేదు. దారి పొడవునా జరిగిన వేట ఇందుకు ఒక పెద్ద కారణం. కనిపించిన ప్రతి కొంగకూ ఆ పేరు పెడితే, అది మనకు లేకుండా పోయిందన్న సంగతే ఎవరికీ తెలియదు. నాకు బాధ అక్కడే.

దూరం నుంచి వచ్చినవాటిని చూడాలంటే బార్ హెడెడ్ గూస్ బాతులను వెతకండి. తెల్లటి తల వెనక రెండు నల్ల చారలుంటాయి. టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర పుట్టి, హిమాలయాలు దాటి వస్తాయి.

అపోహ: అది సహజమైన సరస్సు. మనుషులు జోక్యం చేసుకోకుంటే చాలు.

ఈ 29 చదరపు కిలోమీటర్లలో మనిషి వదిలితేనే నీరు. 18వ శతాబ్దంలో భరత్‌పూర్ రాజు సూరజ్‌మల్ కాలంలో కట్టిన అజాన్ బంధ్ అనే ఆనకట్ట నుంచి నీళ్లు మళ్లించి, తర్వాతి రాజులు దీన్ని బాతుల వేటకు తీర్చిదిద్దారు. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్కరోజే 4,273 పక్షులను కాల్చారు. ఆ లెక్క చెక్కిన రాయి ఇప్పటికీ పార్కులోని కేవలదేవ్ గుడి దగ్గర ఉంది, మిత్రులను తప్పకుండా అక్కడ నిలబెడతాను.

1982లో నేషనల్ పార్క్ చేసి గేదెల మేత ఆపేశారు. ఊళ్లవాళ్లు ఎదురుతిరిగారు, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. తీరా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, మేసే నోరు లేక పాస్పాలమ్ గడ్డి నీళ్లను కమ్మేసి బాతులకే చోటు లేకుండా చేసింది. గేదెలు పక్షులకు శత్రువులు కావని అంత నష్టం జరిగాక గానీ తెలియలేదు.

ఎగువన గంభీర్ నది మీద పాంచ్‌నా డ్యామ్ వచ్చాక పాత ప్రవాహం తగ్గింది. ఇప్పుడు గోవర్ధన్ డ్రెయిన్, చంబల్ పైపుల నీళ్లే పెద్ద ఆధారం. అందుకే హోటల్ బుక్ చేసే ముందు ఈ ఏడు నీళ్లెలా ఉన్నాయని ఫోన్ చేసి అడగండి.

అపోహ: డిసెంబరు, జనవరిలోనే వెళ్లాలి.

బాతుల కోసమైతే సరే. గూళ్లు, పిల్లల సందడి చూడాలంటే ఆగస్టు నుంచి అక్టోబరు మేలు.

అపోహ: పెద్ద లెన్సు లేకపోతే ఏమీ కనపడదు.

8x42 బైనాక్యులర్ చాలు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 మిల్లీమీటర్ల అద్దం మసక వెలుతురులోనూ పనికొస్తుంది. 20 రెట్లదైతే చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. మిగిలిన డబ్బుతో అక్కడి రిక్షా మాట్లాడుకోండి. నడిపేవాళ్లలో చాలామందికి ఏ గుడ్లగూబ ఏ చెట్టు తొర్రలో పడుకుంటుందో తెలుసు.

అపోహ: ఫోన్‌లో కూత వినిపిస్తే పక్షి దగ్గరికొస్తుంది, దానికేం నష్టం?

వస్తుంది, పోటీదారు తన జాగాలోకి చొరబడ్డాడనుకుని. మేత మానేసి, గూడు వదిలేసి వస్తుంది. నాతో వచ్చేవాళ్లు ఫోన్ జేబులోంచి తీయరు.

అపోహ: తెల్లవారకముందే నీటి ఒడ్డున ఉండాలి.

జనవరిలో చాలా రోజులు తొమ్మిది దాటినా పొగమంచు విడవదు, ఎదురుగా ఉన్న సారస్ కొంగల జంట కూడా కనపడదు. అప్పటిదాకా గేటు దగ్గరి పొడి పొదల్లో చిన్న పిట్టలను చూసుకోండి. ఎండ పడ్డాక కట్ట మీదికి వెళ్లండి, కొండచిలువలు బొరియల బయటికొచ్చేదీ అప్పుడే.