అవ్వ బక్కచిక్కితే వయసు మీదికి తోసెయ్యకండి: అపోహలు, వాస్తవాలు

మొన్న చిత్తూరు దగ్గర ఒక పల్లెలో డెబ్బై ఎనిమిదేళ్ల అవ్వ చేతికి డైనమోమీటర్ ఇచ్చి, "గట్టిగా పిండవ్వా" అన్నాను. పిడికిలి బలం కొలిచే పరికరం అది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఆవు పాలు పిండినట్టా, తడిగుడ్డ పిండినట్టా?" అని అడిగింది. ఎట్లయినా సరే, నీ శక్తి కొద్దీ పిండు అన్నాను. మూడుసార్లు పిండితే ఎక్కువ వచ్చింది 11 కిలోలు. ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పిన లెక్క ప్రకారం ఆడవాళ్లకు 18 కిలోల కంటే తక్కువ వస్తే బలం తగ్గినట్టే. ఒకప్పుడు నాలుగు ఆవులకు రెండు పూటలా పాలు పిండిన చెయ్యి అది. పక్కనే ఉన్న కోడలు, "ఈ వయసులో ఇంకేం బలముంటుంది సిస్టర్, ఇంతే కదా" అనేసింది.

ఈ "ఇంతే కదా" విని విని నాకు విసుగొచ్చింది. తిరుపతిలో నర్సింగ్ విద్యార్థులకు కమ్యూనిటీ హెల్త్ చెబుతాను. వాళ్లతో కలిసి పెద్దవాళ్ల తిండి, బలహీనత మీద ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకుంటాను. ఏ ఇంటికెళ్లినా ఇదే మాట.

అపోహ: వయసైతే బక్కచిక్కడం మామూలే. తేలిగ్గా ఏదో ఇంత తింటే చాలు.

వాస్తవం: కాదు. ముసలితనం వేరు, ఫ్రెయిల్టీ వేరు. ఫ్రెయిల్టీ అంటే ఒంట్లో సత్తువ బాగా తగ్గిపోయి, చిన్న దెబ్బకే మనిషి కుదేలయ్యే స్థితి. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం దీన్ని గుర్తుపట్టడానికి ఐదు లక్షణాలు చెప్పింది. ప్రయత్నించకుండానే ఏడాదిలో బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, పిడికిలి పట్టు తగ్గడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గిపోవడం. మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ, ఒకటో రెండో ఉంటే దానికి ముందు మెట్టు. ఆ మెట్టు మీద పట్టుకుంటే వెనక్కి తీసుకురావచ్చు. "ఇంతే కదా" అనుకున్న ఇంట్లో ఆ అవకాశం పోతుంది. తర్వాత బాత్‌రూంలో జారిపడతారు, తుంటి విరుగుతుంది, ఆ మనిషి మంచం దిగరు.

బరువు తగ్గారా అని అడిగితే, "నేనెప్పుడు తూకమేసుకున్నాను తల్లీ" అంటారు. అందుకే నేను రవిక చూస్తాను. భుజం దగ్గర జారుతోందా, చంకలో కుట్టు మళ్లీ వేయించారా, గాజులు మోచేతి దాకా పోతున్నాయా అని అడుగుతాను. మగవాళ్లయితే బెల్టుకు కొత్త చిల్లు. జపాన్ వాళ్లు పరీక్షించిన ఒక సులువైన పద్ధతి కూడా ఉంది. మీ రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి, మీ పిక్క లావుగా ఉన్నచోట చుట్టూ పట్టుకోండి. మధ్యలో ఖాళీ మిగిలితే కండ తగ్గిందేమోనని అనుమానించాలి. బరువు తగ్గుతోందంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి. టీబీ, థైరాయిడ్, షుగర్, ఇంకా పెద్ద జబ్బులు కూడా ఇలాగే మొదలవుతాయి.

ఆ అవ్వ ముందురోజు ఏం తిన్నదో గంటగంటకూ చెప్పించాను. పొద్దున కాఫీ, రెండు బిస్కెట్లు. పదింటికి రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం గుప్పెడన్నం, రసం, కాస్త మజ్జిగ. సాయంత్రం మళ్లీ కాఫీ. రాత్రికి గ్లాసుడు రాగిజావ. ఎంత లాగి లెక్కేసినా ప్రోటీన్ 20 గ్రాములు దాటలేదు. అవ్వ బరువు 44 కిలోలు. అరవై ఐదు దాటినవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. జబ్బుపడి లేచినవాళ్లకైతే 1.5 దాకా. అంటే ఈ అవ్వకు కనీసం 44 గ్రాములు. సగం కూడా అందడం లేదు. పైగా అదే గుడ్డు ముప్పై ఏళ్ల ఒంట్లో కండ పట్టినంతగా ఎనభై ఏళ్ల ఒంట్లో పట్టదు. అందుకే వాళ్లకు మనకంటే కాస్త ఎక్కువే కావాలి. మనమేమో జావతో సరిపెడతాం.

కోడల్ని తప్పుపట్టడం లేదు. ఆమె భయం ఆమెది. "అరక్క ఏమన్నా అయితే నా మీదికొస్తుంది" అంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి తోడు ఫోనులో ఎవరో పంపిన మెసేజ్, పప్పూ గుడ్డూ తింటే కిడ్నీలు పోతాయని. ఈ మెసేజ్ పుట్టించినవాళ్లు నాకు దొరికితే బాగుండు. కిడ్నీ జబ్బు ముదిరి, ఇంకా డయాలసిస్‌కు వెళ్లనివాళ్లకు డాక్టర్ ప్రోటీన్ తగ్గించమంటారు, నిజమే. ఆ నియమం వాళ్లకే. కిడ్నీలు బాగున్న అవ్వ ముందు నుంచి పప్పుగిన్నె తీసేయడం న్యాయమా? మా వైపు ఇంకో వింత చూడండి. ఎముక విరిగితే వేసే పుత్తూరు కట్టులో గుడ్డు తెల్లసొన పూస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. ఉడకబెట్టి కంచంలో పెట్టమంటే మాత్రం "వేడి చేస్తుంది" అంటారు.

ఇంతకీ అవ్వ రాత్రిపూట జావే ఎందుకు తాగుతోంది? కోడలికీ తెలియదు. నేనూ అరగదేమో అనుకున్నాను. కోడలు కాఫీ పెట్టడానికి లోపలికెళ్లాక అవ్వ మెల్లగా చెప్పింది. "బాత్‌రూం బయటుంది కదమ్మణ్ణీ. కడుపునిండా తింటే రాత్రిపూట లేవాల. మెట్టు దిగేటప్పుడు పడితే ఎవురికి బరువు?" మా ప్రశ్నాపత్రంలో పళ్లు, ఆకలి, మందులు అన్నీ ఉన్నాయి. ఆ మెట్టు లేదు. మెట్టు పక్కన పట్టుకోవడానికి ఒక పైపు బిగించి, దారిలో బల్బు వేయమని కొడుక్కి చెప్పి వచ్చాం.

మా ఇంట్లో నేను చేసిన తప్పూ చెప్పాలి. మామయ్య పోయాక ఏడాదికి మా అత్తమ్మ రవికలన్నీ వదులైపోయాయి. ఊరందరి పిక్కలూ కొలిచే నేను అది చూడలేదు. నేను డ్యూటీకి, పిల్లలు స్కూలుకి పోయాక ఒక్కతే కూర్చుని ఇంత మజ్జిగన్నం కలుపుకునేది. శనివారం ఒక్కపొద్దు అలవాటు కాస్తా మంగళవారానికీ, ఏకాదశికీ పాకింది. భక్తి అనుకున్నాం. "ఒక్కదానికే పొయ్యి ఎందుకు వెలిగించేదిలే" అని ఒకరోజు నోరు జారింది. అది దిగులు. డాక్టర్‌కి చూపించాం. మధ్యాహ్నం భోజనం ఎదురింటి పెద్దమ్మతో కలిసి తినే ఏర్పాటు చేశాం. శనివారం ఒక్కపొద్దు మానలేదు, మానమని మేమూ అడగలేదు. ఆ రోజు పాలు, అరటిపండు, నానబెట్టిన చెనిగ్గింజలు (వేరుశనగలు) తీసుకుంటుంది, దీపం పెట్టాక పప్పుతో అన్నం తింటుంది.

ఖర్చు ఎక్కువేమీ కాదు. జావలో నీళ్లు తగ్గించి పాలు పోయండి, రెండు చెంచాల వేయించిన చెనిగ్గింజల పొడి కలపండి. పళ్లు లేకపోతే ఉలవలు, పితికిపప్పు మెత్తగా ఉడికించి మెదిపి పెట్టండి. సంకటిలోకి ఊరుమిండి (చెనిగ్గింజల పచ్చడి) కాస్త ఎక్కువే వేయండి. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, గుప్పెడు చెనిగ్గింజల్లో 7. ఒకేపూట కుక్కకుండా మూడు పూటలకూ పంచండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నీరసమని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటారు. అరలీటరు 5 శాతం గ్లూకోజ్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, వంద క్యాలరీలు కూడా రావు. దాహం తీరినట్టు ఉంటుందంతే, కండ రాదు. షుగర్ ఉన్న తాత సన్నబడితే "కంట్రోల్‌లో ఉంది" అని సంబరపడకండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవాళ్లు బీ12 విటమిన్ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి.

ఇక "ఈ వయసులో ఎక్సర్‌సైజా" అనేవాళ్లకు. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ల వయసున్న పదిమందితో 8 వారాలు కాళ్లకు బరువులు ఎత్తించారు. కాళ్ల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. 1994లో వందమందితో చేసిన ఇంకో అధ్యయనంలో, వ్యాయామం లేకుండా పోషకాల పానీయం మాత్రమే తాగినవాళ్లకు బలం పెరగలేదు. డబ్బా పౌడర్లు కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మా వీధిలో ఒక తాత ఏటా 3,550 అలిపిరి మెట్లు ఎక్కేవాడట. ఇప్పుడు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేడు. కుర్చీని గోడకు ఆనించి, పక్కన మనవడిని నిలబెట్టి, పూటకు ఐదుసార్లు లేచి కూర్చోమన్నాను. గుండెజబ్బు ఉందని ముందు ఆయన డాక్టర్‌ని అడిగించాను. మొదటివారం రెండుసార్లకే ఆయాసపడ్డాడు. నిన్న నేను పోతుంటే అరుగు మీంచి కేకేసి, "నాలుగమ్మా" అని వేళ్లు చూపించాడు.