పాత ఇటుకతో కొత్త ఇల్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇళ్లకు ప్లాన్లు గీస్తుంటాను. పెంకుటిల్లు తీసేసి డాబా వేద్దామని వచ్చేవాళ్లకు ముందు చెప్పేది ఒకటే: నేను వచ్చి చూసేదాకా జేసీబీని పిలవకండి.

అపోహ: పాత సామానుతో కడితే ఇల్లు గట్టిగా ఉండదు.

రాజాం దగ్గర ఒక ఇంట్లో మేస్త్రి ఇదే అడిగాడు, "పాత ఇటుకతో కొత్త ఇల్లేటి బాబూ?" అని. రెండు ఇటుకలు తీసి ఒకదానికొకటి కొట్టాను. ఖంగుమన్నాయి. ఒకదాన్ని బాగా ఆరబెట్టి తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచాం. మామూలు ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదు. అంటే 3 కిలోల ఇటుకకి 600 గ్రాములు. మాది నెగ్గింది.

దూలాలకైతే గోడలో దిగి ఉన్న కొసలు చూడాలి. చెమ్మ, చెద ముందు పట్టేది అక్కడే. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మెత్తగా దిగినంత మేర కోసేయాలి. మిగిలింది గుమ్మాలకు వస్తుంది.

పాత చువ్వలకు మాత్రం నేను ఒప్పుకోను. వంగినవి సుత్తితో సాపు చేసి పిల్లర్లలో పెట్టడం ప్రమాదం. స్క్రాప్‌కి ఇచ్చేయండి, కరిగి మళ్లీ ఉక్కే అవుతుంది.

అపోహ: సర్క్యులర్ ఎకానమీ (వాడిన వస్తువును పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుకునే పద్ధతి) అంటే రీసైక్లింగే.

పగలగొట్టి పొడి చేయడం చివరి దారి. ఇటుకని ఇటుకగానే, తలుపుని తలుపుగానే వాడుకోగలిగితే అంతకంటే మేలు లేదు. అది కుదురుతుందో లేదో కట్టే రోజే తేలిపోతుంది. ఆ రాజాం ఇంటి గోడలు సున్నంతో కట్టినవి. తాపీతో గీకితే సున్నం రాలి ఇటుక శుభ్రంగా చేతికొచ్చింది. తర్వాతెప్పుడో కట్టిన వంటగది సిమెంటుది. అక్కడ ఇటుక విరిగింది గానీ సిమెంటు వదల్లేదు. అందుకే రేకుల షెడ్డు వేసినా, రేపు విప్పుకోవడానికి వీలుగా, ట్రస్సులకు (కప్పును మోసే ఇనుప చట్రాలకు) వెల్డింగ్ కాకుండా బోల్టులు పెట్టిస్తాను. ఉద్దానం వైపు ఉప్పుగాలికి గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) బోల్టులే వాడాలి. మామూలువి తుప్పుపట్టి బిగుసుకుపోతాయి.

అపోహ: కాంక్రీటు ముక్కలు గొయ్యి పూడ్చడానికే.

క్రషర్‌లో ఆడించి, జల్లించి, పరీక్ష చేయిస్తే అవి కంకరే. కంకరకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 383 (2016) ప్రకారం ఎం25 గ్రేడు (ఇది కాంక్రీటు బలాన్ని చెప్పే అంకె) వరకు ఆర్‌సీసీలో, అంటే చువ్వలు వేసిన కాంక్రీటులో, కంకరలో 20 శాతం దాకా కలపొచ్చు.

అపోహ: ప్లాన్ గీశాక పాత సామాను సంగతి చూసుకోవచ్చు.

మొదట్లో నేనూ అలాగే చేశాను. మంచి టేకు తలుపులు కొత్త గోడల్లో పట్టక పశువుల శాలలో వానకు తడుస్తూ ఉండిపోయాయి. ఆ బాధ ఇంకా ఉంది. ఇప్పుడు టేపు పట్టుకుని ముందు పాత గుమ్మాలు, కిటికీల కొలతలు రాసుకుంటాను. ఆ కొలతలకే గోడల్లో ఖాళీలు వదిలి, ఆ తర్వాతే గదులు గీస్తాను.