యుద్ధకాలంలో పస్కా: శత్రువు కోసం తగ్గించుకున్న ద్రాక్షారసం

2024 ఏప్రిల్ 22 సాయంత్రం యూదుల పస్కా పండుగ మొదలయ్యేసరికి గాజా యుద్ధం ఏడో నెలలో ఉంది. ఇజ్రాయెల్‌లో చాలా ఇళ్లలో విందు బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు, హమాస్ చెరలో ఉన్న బందీల కోసం. అదే సాయంత్రం న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గాజాకు మద్దతుగా వేసిన గుడారాల మధ్య కొందరు యూదు విద్యార్థులు అదే పండుగ చేసుకున్నారు. ఆ క్యాంపస్‌లోనే మరికొందరు యూదు విద్యార్థులు బయటికి రావాలంటే భయమేస్తోందని చెప్పారు. టెన్షన్ పెరగడంతో ఆ రోజు క్లాసులు ఆన్‌లైన్‌లో పెట్టారు. అప్పటికి గాజాలో చనిపోయినవారి సంఖ్య 34 వేలు దాటిందని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. విందులో యుద్ధం ఊసెత్తాలా, ఎత్తితే ఎవరి బాధ గురించి మాట్లాడాలి అని ఒకే కుటుంబంలో వాదులాడుకున్నవాళ్లు ఎందరో.

ఈ వాదన నిన్నమొన్నటిది కాదు. ఈజిప్టులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు మోషే వెంట బయటపడిన సందర్భమే పస్కా. మన దగ్గర తెలుగు బైబిల్ చదివేవాళ్లకు నిర్గమకాండంలోని ఈ కథ, పులియని రొట్టెలు, చేదు కూరలు బాగా తెలుసు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరున్న కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం యూదు పండుగలను పాటిస్తోంది కూడా. మొదటి రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని, హగ్గాదా అనే పుస్తకం చదువుతూ చేసే విందును సెడర్ అంటారు.

ఆ పుస్తకంలోనే, ఆ విందులోనే రెండు దారులున్నాయి. బానిసలను వదలనందుకు దేవుడు ఈజిప్టు మీదికి పంపిన పది తెగుళ్ల, అంటే విపత్తుల, పేర్లు చదివేటప్పుడు ఒక్కో పేరుకు ఒక్కో చుక్క ద్రాక్షారసం గిన్నెలోంచి తీసేస్తారు. శత్రువులైనా మనుషులే, వాళ్లు చచ్చిపోయిన చోట మన సంతోషం నిండుగా ఉండకూడదు అని ఈరోజు ఎక్కువమంది చెప్పే అర్థం. కొంతసేపటికి తలుపు తెరిచి చదివే వాక్యం మాత్రం వేరు: దేవా, నిన్నెరుగని జనాల మీద నీ కోపం కుమ్మరించు అని. యూరప్‌లో యూదుల ఊచకోతలు జరిగిన మధ్యయుగాల్లో ఇది హగ్గాదాలో చేరింది. తమవాళ్లను పోగొట్టుకుని, ఎదురు తిరిగే బలం లేనివాళ్లు దేవుడితో చెప్పుకున్న మొర అది. దాన్ని నేను తప్పు పట్టను.

ద్రాక్షారసపు చుక్కల సంగతి కూడా అంత సులువైనది కాదు. ఆచారం పాతదే కానీ, మధ్యయుగపు జర్మన్ రబ్బీలు, అంటే యూదు మతగురువులు, చెప్పిన అర్థం ఇంకోటి: ఆ తెగుళ్లు మాకు తగలకుండా మా శత్రువులకు తగలాలని. జాలి అనే అర్థం తర్వాతి తరాలవాళ్లు తెచ్చుకున్నది. ఆ మాటకు పునాది యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తల్మూద్‌లో ఉంది. ఈజిప్టు సైన్యం సముద్రంలో మునుగుతుంటే దేవదూతలు పాట ఎత్తుకోబోయారట. నా చేతులతో చేసినవాళ్లు మునిగిపోతుంటే మీరు పాడతారా అని దేవుడు ఆపాడట. పండుగ చివరి రోజుల్లో స్తుతి కీర్తనలను కుదించి పాడటానికి కొందరు చెప్పే కారణం ఇదే. అంటే శత్రువు పట్ల మర్యాద ఈ పండుగకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, తరతరాలవాళ్లు కావాలని ఎంచుకున్నది. యుద్ధం వచ్చిన ప్రతిసారీ ఆ ఎంపిక మళ్లీ చేయాల్సి వచ్చింది.

అమెరికా అంతర్యుద్ధం దీనికి మంచి ఉదాహరణ. 1862 ఏప్రిల్‌లో ఉత్తరాది సైన్యంలోని 23వ ఒహాయో రెజిమెంట్ ఇప్పటి వెస్ట్ వర్జీనియా కొండల్లో దిగి ఉంది. అందులో దాదాపు 20 మంది యూదు సైనికులు అధికారిని అడిగి సెలవు తీసుకున్నారు. సైనికులకు సరుకులు అమ్మే వర్తకుడు సిన్సినాటి నుంచి ఏడు పీపాల పులియని రొట్టె పంపించాడు. దుంగలతో గుడిసె కట్టారు, గొర్రెపిల్లను, కోళ్లను, గుడ్లను సంపాదించారు. గొర్రెలో ఏ భాగం బల్ల మీద పెట్టాలో గుర్తులేక మొత్తం వండి పెట్టేశారు. బానిసలు ఇటుకలు చేసిన మట్టికి గుర్తుగా పండ్లు, గింజలు నూరి ఒక పచ్చడి చేస్తారు. అవి దొరక్క నిజం ఇటుకనే తెచ్చి ముందు పెట్టుకున్నారు. చేదు కూరకు బదులు అడవిలో పీకిన ఏదో ఆకు తింటే నోరు మండిపోయింది. నాలుగు గిన్నెలే తాగాలన్న నియమం మరిచిపోయి, ద్రాక్షారసం బదులు తెచ్చుకున్న పులిసిన ఆపిల్ రసం అంతా తాగేశారు. ఒకడు మోషేనన్నాడు, ఒకడు అహరోనునన్నాడు, ఒకడు ఏకంగా ఈజిప్టు రాజు ఫరోనన్నాడు. ముగ్గురూ కలబడితే మోసుకెళ్లి పడుకోబెట్టారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ 20 మంది సైనికుల్లో ఒకడైన జోయెల్ 1866లో రాసిన వివరాలివి. పక్కనే ఆయుధాలు పెట్టుకుని, దాడికి సిద్ధంగా ఉంటూనే పండుగ చేసుకున్నామని అతనికి గర్వం.

అవతలి వైపు కూడా యూదులే ఉన్నారు. 46వ వర్జీనియా రెజిమెంట్‌లోని ఐజాక్ లెవీ 1864 ఏప్రిల్‌లో దక్షిణ కరోలినా శిబిరం నుంచి ఇంటికి ఉత్తరం రాశాడు. అన్న చార్లెస్టన్‌లో పౌండు రెండు డాలర్లకు పులియని రొట్టె కొన్నాడని, పండుగ సరిగ్గా జరుపుకుంటున్నామని అందులో ఉంది. బానిసత్వం నుంచి విడుదలైన రోజును, బానిసత్వాన్ని నిలబెట్టే సైన్యంలో ఉండి అంత శ్రద్ధగా పాటించారు. అది నన్ను కలవరపెడుతుంది. నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించినా పక్కనున్న మనిషి గొలుసు కంటికి ఆనకపోవచ్చు. ఆ ఆగస్టులో లెవీ పీటర్స్‌బర్గ్ దగ్గర చనిపోయాడు, 21 ఏళ్లకు.

ఉత్తరాదిలో అంతా సవ్యంగా ఉందనుకుంటే పొరపాటు. ఒహాయో సైనికుల సెడర్ జరిగిన ఎనిమిది నెలలకే, 1862 డిసెంబర్ 17న, పత్తి దొంగ వ్యాపారం సాకుతో జనరల్ గ్రాంట్ తన అధీనంలోని ప్రాంతం నుంచి యూదులందరూ 24 గంటల్లో వెళ్లిపోవాలని ఆదేశించాడు. కెంటకీలోని పడుకా పట్టణంలో కుటుంబాలు కట్టుబట్టలతో పడవలెక్కాయి. అక్కడి వ్యాపారి సీజర్ కాస్కెల్ వాషింగ్టన్ వెళ్లి లింకన్‌ను కలిశాక 1863 జనవరిలో ఆ ఆదేశం రద్దయింది. 1865లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయిన మర్నాడు సాయంత్రం పస్కా మొదలైంది, అదే పండుగ వారంలో లింకన్ హత్య జరిగింది. విడుదల పాటలు పాడాల్సిన ప్రార్థనా మందిరాల్లో సంతాప ప్రార్థనలు చదివారు.

1943 ఏప్రిల్ 19న, పస్కా ముందురోజు, పోలండ్‌లో యూదులను బంధించి ఉంచిన వార్సా ఘెట్టోను ఖాళీ చేయించడానికి నాజీలు వస్తే లోపలివాళ్లు తిరగబడ్డారు. అక్కడ మర్యాద మాటెత్తే హక్కు ఎవరికీ లేదు.

1969 ఏప్రిల్ 4న, మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురై సరిగ్గా ఏడాది అయిన రోజు, యూదు ఉద్యమకారుడు ఆర్థర్ వాస్కో వాషింగ్టన్‌లో నల్లజాతివారి చర్చిలో సెడర్ ఏర్పాటు చేశాడు. యూదులు, నల్లజాతివాళ్లు, తెల్ల క్రైస్తవులు కలిసి దాదాపు 800 మంది వచ్చారు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. తమ విడుదల కథలో ఇతరుల విడుదలను కూడా కలిపి చెప్పుకున్న సెడర్ అది. కొలంబియా గుడారాల్లోని సెడర్‌ను అర్థం చేసుకోవాలంటే ఇక్కడి నుంచి చూడాలి.

ఇజ్రాయెల్‌లో ఇంకో ఏర్పాటు ఉంది. పస్కా రోజుల్లో పులిసిన పిండి పదార్థం యూదుల సొత్తుగా ఉండకూడదు కాబట్టి, ప్రభుత్వ గోదాముల్లోని సరుకంతా చట్టబద్ధంగా యూదుడు కాని ఒకరికి అమ్మేస్తారు. అతను కొంత బయానా ఇస్తాడు, పండుగ అయ్యాక మిగతా డబ్బు కట్టడు, సరుకు వెనక్కి వస్తుంది. కాగితం మీద మాత్రం ఆ రోజుల్లో అదంతా అతనిదే, కావాలంటే మిగతా సొమ్ము కట్టి ఉంచేసుకోవచ్చు. 1997 నుంచి ఏళ్ల తరబడి ఆ సంతకం పెట్టింది జెరూసలేం పక్కనున్న అబూ ఘోష్ ఊరికి చెందిన ఒక ముస్లిం, హోటల్‌లో మేనేజర్. 2002 మార్చి 27న నెతన్యాలో ఒక హోటల్‌లో సెడర్ మీద ఆత్మాహుతి దాడి జరిగి 30 మంది చనిపోయారు. రెండు రోజులకే ఇజ్రాయెల్ సైన్యం పాలస్తీనియన్లు ఉండే వెస్ట్ బ్యాంక్ పట్టణాల్లోకి దిగింది. ఆ కొనుగోలు మాత్రం తర్వాతి ఏళ్లలోనూ సాగింది.