ఏసీలో నీళ్లు కారితే గ్యాస్ అయిపోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఏసీల మరమ్మతు చేసేవాళ్లకు ఏడాదిలో రెండు కాలాలు. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఫోన్లన్నీ చల్లదనం రావడం లేదనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి తేమను మోసుకొచ్చే రోజుల్లో, ఫిర్యాదులు మారిపోతాయి. గోడ మీద నీళ్లు కారుతున్నాయనీ, గదిలో ముక్కిన వాసన వస్తోందనీ అంటారు. ఈ రెండో కాలంలో జనం అనవసరంగా పోగొట్టుకునే డబ్బు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: లోపలి యూనిట్ నుంచి నీళ్లు కారితే గ్యాస్ అయిపోయినట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. గాలిలో తేమ ఉన్న రోజున ఏసీ సరిగ్గా పనిచేస్తే నీళ్లు వచ్చి తీరాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే, గదిలోని తేమ చల్లని కూలింగ్ కాయిల్‌కు తగిలి నీరవుతుంది. ముసురు పట్టిన రోజున టన్నున్నర ఏసీ గంటకు లీటరుకు పైగానే నీళ్లు తీయగలదు. ఆ నీళ్లు కాయిల్ కింద ఉన్న ట్రేలోకి, అక్కడి నుంచి డ్రైన్ పైపులోకి దిగి బయటికి పోవాలి. గదిలో కారుతున్నాయంటే ముందుగా అనుమానించాల్సింది ఆ దారిని.

గ్యాస్ వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. దాన్ని వెతికి అతకకుండా ఎంత నింపినా మళ్లీ పోతుంది. గ్యాస్ తక్కువైతే కాయిల్ మీద మంచు కట్టి, అది కరిగి నీళ్లు కారే మాట నిజమే. కానీ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా అదే మంచు కడుతుంది. ఫిల్టరు కడగడానికి పైసా ఖర్చు లేదు. రోజూ వాడే ఏసీకి పదిహేను రోజులకోసారి కడగండి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

నేను విప్పి చూసిన వాటిలో చాలాసార్లు దొరికేది పాచి. ట్రే మూలన, పైపు మొదలయ్యే చోట, ఫిల్టరు దాటి వచ్చిన దుమ్ము తడిలో నాని నల్లగా, జిగటగా పేరుకుంటుంది. పైపు బయటి కొస నుంచి వ్యాక్యూమ్‌తో లాగితే అది వేలెడు ముద్దగా ఊడి వస్తుంది. వెంటనే ట్రేలో నిలిచిన నీళ్లు బుడబుడమంటూ దిగిపోతాయి. పాచి లేకపోతే పైపు వాలు చూడాలి. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి. పిట్టగోడ మీదుగా పైకెక్కించి దించిన పైపులోనూ, కొస బకెట్టు నీళ్లలో మునిగిన పైపులోనూ నీళ్లు ఆగిపోతాయి. పైపును నేరుగా బాత్రూం మురుగు గొట్టంలో కలిపితే దుర్వాసన గదిలోకి ఎక్కుతుంది.

అపోహ: వానాకాలంలో 18 డిగ్రీలకు పెడితే తేమ త్వరగా పోతుంది.

తేమ కొంత పోయినా, వచ్చే ఇబ్బంది ఎక్కువ. గది అతిగా చల్లబడితే, ఏసీ లేని పక్క గది వైపున గోడకు చెమట పడుతుంది. ఆ గోడకు బీరువా ఆనించి ఉంటే వెనక బూజు పడుతుంది. 2020 జనవరి నుంచి మన దేశంలో కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలవ్వాలన్న నిబంధన ఉంది. ముసురు రోజుల్లో నేనైతే 25 పెట్టి, సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిప్పమంటాను. ఉక్కగా ఉంటే డ్రై మోడ్ వాడండి. అందులో ఏసీ ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి, గది మరీ చల్లబడకుండానే తేమ దిగుతుంది. నడి వేసవి పొడి ఎండలో ఆ మోడ్‌తో లాభం లేదు.

అపోహ: ఏసీ ఎంత పెద్దదైతే గది అంత పొడిగా ఉంటుంది.

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదికి రెండు టన్నుల ఏసీ పెడితే నిమిషాల్లో చల్లబరిచి కంప్రెసర్ ఆగిపోతుంది. పాత రకం ఏసీల్లో ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉండి, కాయిల్ మీది తడిని మళ్లీ గదిలోకే ఊదుతుంది. చలి వేస్తుంది, కానీ ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ కంప్రెసర్ వేగాన్ని తగ్గించుకోగలదు గనుక కొంత నయం. అయినా గదికి తగిన టన్నేజీయే మంచిది.

అపోహ: ఏసీతోపాటు ఎయిర్ కూలర్ కూడా వేస్తే ఇంకా చల్లగా ఉంటుంది.

కూలర్ గదిలోకి తేమ పంపుతుంది, ఏసీ దాన్ని తోడుతుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది.

అపోహ: ఏసీ నీళ్లు డిస్టిల్డ్ వాటరే, ఇన్వర్టర్ బ్యాటరీలో పోయవచ్చు.

పోయకండి. ఆ నీటిలో లవణాలు తక్కువే కానీ, కాయిల్ మీది దుమ్ము, లోహపు రేణువులు, ట్రేలోని పాచి కలిసి ఉంటాయి. బ్యాటరీ ప్లేట్లు దెబ్బతింటాయి. ఇల్లు తుడవడానికి వాడుకోండి.

తిరుచానూరు, రేణిగుంట వైపు కొత్తగా ఇళ్లు కట్టుకుంటున్నవారు గోడలోపల పైపులు వేయిస్తున్నారు. వారికి ఒక్క మాట. ట్రేలో నీళ్లు నిలవకపోయినా గోడ తడుస్తోందంటే, రాగి గొట్టం మీది నల్లని ఇన్సులేషన్ చిరిగి గొట్టానికే చెమట పడుతూ ఉండవచ్చు. ప్లాస్టరింగ్ అయ్యాక అది కనిపించదు. కాబట్టి గోడ మూయకముందే ఇన్సులేషన్ అతుకులన్నీ దగ్గరుండి చూడండి. డ్రైన్ పైపులో చెంబెడు నీళ్లు పోయించి, అవతలి కొస నుంచి ఆగకుండా వచ్చాకే మేస్త్రీని సిమెంటు కలపమనండి.