మందు తాగితే థైరాయిడ్ క్యాన్సర్ రాదా?

పిల్లలూ,

తాగేవాళ్లకి థైరాయిడ్ క్యాన్సర్ తక్కువ వస్తుందట, నిజమేనా అని అడిగారు. అది ఎవరో గాల్లోంచి పుట్టించిన మాట కాదు. బ్రిటన్‌లో దాదాపు 13 లక్షల మంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2009లో ఫలితాలు ప్రకటిస్తే, ఎక్కువ తాగేవాళ్లలో థైరాయిడ్ క్యాన్సర్ కాస్త తక్కువగానే కనిపించింది. కానీ అదే లెక్కలో రొమ్ము, కాలేయం, మలాశయం క్యాన్సర్లు పెరిగాయి, ఆ సగం ఎవరూ చెప్పరు, నాకు బాధ కలిగించేది అదే.

అసలు తక్కువగా కనిపించడం వేరు, మందు కాపాడటం వేరు. థైరాయిడ్‌లో చిన్న చిన్న గడ్డలు చాలామందికి ఉంటాయి, స్కాన్ చేస్తేనే బయటపడతాయి. దక్షిణ కొరియాలో 1999 తర్వాత మామూలు చెకప్‌లతో పాటు మెడకి అల్ట్రాసౌండ్ చేయించుకోవడం అలవాటైంది, దాంతో 2011 నాటికి ఈ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి, చావులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి! అంటే ఎవరు ఎక్కువ పరీక్షలు చేయించుకుంటే వాళ్లలో ఎక్కువ దొరుకుతుంది. తాగేవాళ్ల లెక్క వెనక ఇలాంటిదేమైనా ఉందా అని అడగకుండా "మంచిదట" అనేయడం తొందరపాటు.

థైరాయిడ్‌కి నిజంగా ముప్పని తేలింది చిన్నతనంలో తగిలే రేడియేషన్. 1986లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదంలో వెలువడిన అయోడిన్-131, అంటే రేడియేషన్ వెదజల్లే అయోడిన్, గడ్డి మీద పడి, ఆవుల పాలలోకి చేరి, ఆ పాలు తాగిన పిల్లల థైరాయిడ్‌లో పేరుకుంది. ఆ గ్రంథి అయోడిన్‌ని లాక్కుంటుంది కదా, అందుకే. కొన్ని రకాలు కుటుంబంలోనూ వస్తాయి. ఆడవాళ్లలో మగవాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ.

ఇక మందు సంగతి. ఒంట్లోకి వెళ్లిన ఆల్కహాల్ ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది, అది కణాల్లోని డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము, ఇన్నిటికి ముప్పు. బీరైనా వైనైనా అందులో ఉండేది అదే ఆల్కహాల్. ఇంతవరకైతే ఫర్వాలేదు అనే సురక్షితమైన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది కూడా. కాబట్టి థైరాయిడ్ పేరు చెప్పి ఎవరైనా గ్లాసు చేతికిస్తే తీసుకోకండి.

మెడ ముందు భాగంలో గడ్డలా తగిలినా, గొంతు బొంగురుపోయి వారాల తరబడి తగ్గకపోయినా టెన్షన్ పడకుండా డాక్టర్‌కి చూపించండి, చాలా గడ్డలు క్యాన్సర్ కావు.

మీ తాతయ్య